ఎర్రగడ్డి ఆట

ఒకప్పుడు ఆ ముందుగది వీడియో గేముల కొట్టు. ఇప్పుడది బట్టలు కుట్టే కొట్టు. పాత రోజులకు గుర్తుగా మిగిలింది గోడవారనున్న నిలువెత్తు ఆటపెట్టె ఒక్కటే. టైలరమ్మ దాని నెత్తిన దారపు రీళ్లు పేర్చుకుంటుంది, పక్కన టేపు తగిలిస్తుంది. పాతసామాన్లవాడెవడైనా దానివంక ఆశగా చూస్తే మాత్రం, చేతిలో కత్తెరుందన్న సంగతి మరిచిపోయి మాట్లాడుతుంది.

పెట్టె ఆమె భర్తది. ఆయన పోయి నాలుగేళ్లయింది. అంతకు కొన్నాళ్ల ముందే దాని పిక్చర్ ట్యూబు పోయింది. “ఇద్దరూ ఇద్దరే, ఒక్క మాటైనా చెప్పకుండా పోయారు” అని టైలరమ్మ ఇప్పటికీ సాధిస్తూనే ఉంటుంది.

పెళ్లికి ముందు ఆమె ఎదురు షాపులో కాజాలు కుట్టే పిల్ల. పని దిగగానే తిన్నగా ఇక్కడికే వచ్చేది. తెరంతా ఎర్రటి గడ్డి, ఆ గడ్డిలో ఆకుపచ్చ పళ్లు, వాటిని ఏరుకునే రెండు పిట్టలు. తెల్లపిట్ట ఆమెది, నీలంపిట్ట కొట్టు యజమానిది. మిగతా ఆటల్లో ఆయనకు ఎదురు నిలిచినవాడు లేడు. ఈ ఒక్క ఆటలో మాత్రం కాజాల పిల్ల చేతిలో చిత్తుచిత్తుగా ఓడిపోయేవాడు. కావాలనే ఓడుతున్నాడని అర్థం కానంత అమాయకురాలేం కాదు ఆమె. ఆ ఓటమి చూసే ఆయన్ని చేసుకుంది. నువ్వంటే ఇష్టమని ఏనాడూ నోరు తెరిచి చెప్పని మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసిందంటే, ఆ సాయంత్రాల ధైర్యమే. ఇప్పుడామెకు ఆ ఎర్రగడ్డి ఇంకొక్కసారి చూడాలనుంది. అది వెలిగితే ఆయన పక్కనున్నట్టే ఉంటుందని ఆశ.

అందుకే ఆడబిడ్డను పిలిపించింది. ఆడబిడ్డ టీవీలు బాగుచేస్తుంది. టెస్టర్‌ను కొప్పులో గుచ్చుకుని తిరిగే మనిషి. అన్నయ్య కొట్టు నడిపిన రోజుల్లో ఆమె వేరే ఊళ్లో పని నేర్చుకుంటూ ఉండేది కాబట్టి, ఈ ఆట ఎలా ఉండేదో ఎప్పుడూ చూడలేదు. ఎక్కడో మూతపడ్డ షాపులోంచి అదే సైజు పాత మానిటర్ ఒకటి వెతికి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చింది.

“వదినా, చెయ్యి పెట్టకు. పాత ట్యూబు ప్లగ్గు పీకేశాక కూడా కరుస్తుంది.”

“మీ అన్నయ్య కంటే నయమే. ఆయన ప్లగ్గు పెట్టినా పలికేవాడు కాదు.”

ఆడబిడ్డ నవ్వుతూనే స్క్రూడ్రైవర్‌కు ఎర్త్ వైరు చుట్టి, ట్యూబు వెనకనున్న రబ్బరు మూత కిందికి దూర్చింది. లోపల మిగిలున్న కరెంటు టప్పుమని దిగిపోయింది. ఇద్దరూ కలిసి పాతదాన్ని పసిపిల్లను దించినట్టు దించారు. కొత్తదాని బిగింపులు రెండు వేళ్లు పొట్టిగా ఉంటే చెక్కముక్కలు ఎత్తుపెట్టి సరిచేశారు. ఇక వైర్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు తలా ఒకటి, బొమ్మను కుదురుగా నిలబెట్టేది ఒకటి, ఎర్త్ ఒకటి. పాత కనెక్టర్ కత్తిరించి పక్కన పడేసి, బోర్డు మీద రాసున్న అక్షరాల ప్రకారం ఒక్కొక్కటీ సాల్డరింగ్ చేసి స్విచ్చి వేసింది.

గుయ్యిమంది. బొమ్మ కిందా మీదా పడి, చివరికి నిలబడింది. తెరంతా ఆకుపచ్చ గడ్డి, గడ్డిలో ఎర్రటి పళ్లు.

టైలరమ్మ ముఖం వాడిపోయింది. “ఇది కాదు.”

“ఏది కాదు?”

“గడ్డి ఎర్రగా ఉండేది.”

“ఎక్కడైనా గడ్డి ఎర్రగా ఉంటుందా వదినా?”

“ఇక్కడ ఉండేదే! రంగులు చూసి బతికేదాన్ని, నాకే చెప్తావా?”

వదినకు కోపమొస్తే వాదించి లాభం లేదని ఆడబిడ్డకు తెలుసు. పడేసిన కనెక్టర్ ఏరి, వెలుతురులో తిప్పి చూసింది. “ఈ అతుకు అన్నయ్యదే. ఎంత నున్నగా వేశాడో చూడు. కానీ ఎర్ర వైరు ఆకుపచ్చదాని చోట పెట్టాడు, ఆకుపచ్చది ఎర్రదాని చోట పెట్టాడు.” కనెక్టర్‌ను వదిన చేతిలో పెట్టింది. “చిన్నప్పుడు బళ్లో చెట్ల బొమ్మ వేసి ఎర్రరంగు పూసుకొచ్చాడట. మాస్టారు వీపు చీరేశాక మళ్లీ రంగుపెన్సిల్ ముట్టుకోలేదని అమ్మ చెప్పేది. వదినా, అన్నయ్య నీ దగ్గరెప్పుడైనా రంగు పొరబడ్డాడా?”

టైలరమ్మ పెట్టె నెత్తినున్న రీళ్లకేసి చూసింది. ఎర్రదారం అందుకోమంటే ఆకుపచ్చది అందించేవాడు. ఏడిపిస్తున్నాడనుకుని వీపున ఒక్కటి వేసేది. ఆయన నవ్వేసేవాడు. చొక్కా కొనాలన్నా ఆమే రావాలి. ఒట్టి బద్ధకమనుకుని ఎన్ని తిట్లు తిట్టిందో.

“ఆయనకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదా?”

“తెలియదనుకుంటా. చెప్పుకోడానికి సిగ్గుపడుంటాడు.”

“అయితే గడ్డిలో పళ్లు కూడా కనపడేవి కావు.” టైలరమ్మ స్టూలు మీద కూలబడింది. “నా కోసం ఓడలేదన్నమాట. కనపడక ఓడాడు. నేనే ఏదేదో ఊహించుకుని, ఇన్నేళ్లూ అందరికీ గొప్పలు చెప్పుకున్నాను.” ఉన్న ఒక్క ఆధారమూ చేజారిపోయినట్టయింది ఆమెకు. కళ్లు తుడుచుకుని, “ఆయనకెలా కనపడేదో చూపించగలవా?” అంది.

“అచ్చంగా అలాగే అని చెప్పలేను గానీ, దగ్గరదగ్గరగా చూపిస్తా.”

ఆడబిడ్డ స్విచ్చి ఆపి, ఎరుపు, ఆకుపచ్చ వైర్లను విప్పి రెంటినీ కలిపి మెలిపెట్టింది. మళ్లీ వెలిగేసరికి గడ్డీ పళ్లూ ఒకే మట్టిపసుపులో కలిసిపోయాయి. పిట్టలు రెండు మాత్రం స్పష్టంగా ఉన్నాయి, ఒకటి తెలుపు, ఒకటి నీలం.

టైలరమ్మ జాయ్‌స్టిక్ పట్టుకుంది. తెల్లపిట్టను అటు తిప్పింది, ఇటు తిప్పింది. పండెక్కడుందో గడ్డెక్కడుందో తెలియలేదు. కళ్లు లాగాయి, తల తిరిగింది, ఒళ్లు మండింది. ఒక్క ఆటకే లేచిపోవాలనిపించింది. అప్పుడు చటుక్కున ఆగిపోయింది.

“ఏమైంది వదినా?”

“కొట్టునిండా ఆయన గెలిచే ఆటలే ఉండేవి. అవన్నీ వదిలేసి, నేను రాగానే ఈ పెట్టె దగ్గరే స్టూలు వేసేవాడు. ఒక్క పండు కూడా కనపడని ఆటకి, ఇంకొక్కటి ఆడదామా అని నన్ను బతిమాలేవాడే.”

ఆడబిడ్డ కొప్పులోంచి టెస్టర్ చేతిలోకి తీసుకుంది. “వైర్లు మార్చి నీ ఎర్రగడ్డి పెట్టేయనా?”

“ఇప్పుడే వద్దు. కాసేపు ఇలాగే ఉండనీ” అంటూ టైలరమ్మ స్టూలు జరుపుకుని నీలంపిట్ట వైపు కూర్చుంది. “రా, నువ్వు తెల్లపిట్టను తీసుకో.”