రాతి మీదికి ఐదక్షరాలు

ఏసుకుమార్ మాస్టారి ఫోను కొల్లేట్లో పడిపోయిన రోజున విక్టోరియా టీచరు ఏడవలేదు. ఏడ్చింది ఆవిడ ఆడపడుచు జాయ్సీ. పడేసింది కూడా ఆవిడే.

"ఎన్నాళ్లని ఇంట్లో కూర్చుంటావు వదినా, పద, పక్షుల్ని చూసొద్దాం" అని జాయ్సీయే బలవంతాన పడవెక్కించింది. ముక్కు కింద సంచీ వేలాడేసుకుని గూడబాతు ఒకటి పడవ పక్కకి వచ్చింది. "అచ్చం మా మావగారే! ఫొటో తియ్యాల్సిందే" అంటూ జాయ్సీ వదిన చేతిలోంచి అన్నయ్య ఫోను లాక్కుని లేచి నిలబడింది. పడవ ఊగింది. జాయ్సీని పడవతను పట్టుకున్నాడు. ఫోనుని ఎవరూ పట్టుకోలేదు. పాపం అతను నీళ్లలోకి దిగి బురదంతా కాళ్లతో తడిమాడు. ఒక జెల్లచేప, ఎవరిదో చెప్పు దొరికాయి.

"నన్ను తిట్టు వదినా" అంది జాయ్సీ ముక్కు చీదుతూ.

"గూడబాతు ఫొటోలో ఎలా పడిందో చూద్దామనుకున్నాను" అంది విక్టోరియా.

మాస్టారు హైస్కూల్లో డ్రాయింగు చెప్పేవారు. మనుషుల్ని ఫొటో తీసే అలవాటు ఆయనకి లేదు. పెళ్లికి వెళ్తే పెళ్లికూతుర్ని వదిలేసి ఎదురు కొట్టు బోర్డు తీసుకునేవారు. కిటికీ ఊచల పూలు, రైసుమిల్లు నొసటన సిమెంటు చిలకలు, లారీ వెనక తామరపువ్వులు, అన్నిటికన్నా ఎక్కువగా చేత్తో రాసిన తెలుగు అక్షరాలు. అన్నీ ఆ ఫోన్లోనే ఉండేవి. ఇంకెక్కడా కాపీ లేదు.

ఆ బొమ్మలతో విక్టోరియాకి పనుంది. భీమడోలు సమాధుల తోటలో మాస్టారి సమాధి కట్టడం పూర్తయింది. రాయి మాత్రం ఖాళీగా ఉంది. నవంబరులో సమాధుల పండగ. అప్పటికి అందరూ సున్నాలు వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. పేరు లేని రాయి ముందు ఏం వెలిగిస్తాం అని సంఘంలో అప్పుడే అడుగుతున్నారు. తాడేపల్లిగూడెంలో రాళ్లు చెక్కే ఏడుకొండలు కంప్యూటర్లో డిజైను తీసి చూపించాడు. నల్లరాయి, బంగారు రంగు అక్షరాలు, రెండు పావురాలు, మబ్బులు. జాయ్సీకి పావురాలు తెగ నచ్చాయి. విక్టోరియా తల అడ్డంగా ఊపింది. ఆ తోటలో ఏ రాయి చూసినా అవే అక్షరాలు. "చచ్చిపోయాక అందరి చేతిరాతా ఒకటే అయిపోతుంది చూడు" అని మాస్టారు ఎప్పుడూ నవ్వేవారు. ఆయన పేరు ఆయనకి నచ్చే అక్షరాల్లో ఉండాలి. విక్టోరియాకి కావలసింది అదొక్కటే. ఫోన్లో వెతుకుదామనుకునే లోపు ఫోనే లేకుండా పోయింది.

పడవ దిగి స్కూటరు దగ్గరికి నడుస్తూ విక్టోరియా ఆగింది.

"జాయ్సీ, పోయింది ఫోనే కదా. బోర్డులు ఎక్కడివక్కడే ఉంటాయి."

"అయితే?"

"ఏసుకుమార్. ఐదు అక్షరాలు. ఆయనతో తిరిగిన చోట్లు నాకు తెలుసు. వెళ్లి తెచ్చుకుందాం."

తప్పు చేసినవాళ్లకి ఎక్కడలేని హుషారొస్తుంది. మర్నాటికల్లా జాయ్సీ స్కూటరులో పెట్రోలు నిండింది. విక్టోరియా సంచీలో ట్రేసింగు పేపరు, పెన్సిళ్లు, ఒక బొగ్గుముక్క చేరాయి.

ఏలూరులో పుట్టినవాడికి 'ఏ' కరువా? పాత తివాచీల గోడౌను గేటు మీద ఊరిపేరు ఇనప అక్షరాల్లో ఉంది. విక్టోరియా కాగితం ఆనించి బొగ్గుతో రుద్దుతుంటే వాచ్‌మన్ వచ్చాడు.

"ఏవండీ, ఏం చేస్తున్నారండీ?"

"మున్సిపాలిటీ" అంది జాయ్సీ గంభీరంగా.

"కాదండీ, టీచర్ని. మీ గేటు బావుంది" అంది విక్టోరియా.

వాచ్‌మన్ ఆ గేటుని జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. కాగితం ఒక అంచు తనే పట్టుకున్నాడు.

'సు' కొల్లేటి ఒడ్డున ఒక పడవ మీద దొరికింది. 'సుగుణ' అని నీలం రంగులో రాసుంది. కొమ్ము గూడబాతు మెడలా పైకి లేచి వంగింది.

"మా ఆవిడ పేరండీ" అన్నాడు పడవ ఆసామి. "మొదట చిన్నగా రాశానండీ. పక్క పడవ మీద వాళ్ల తోటికోడలి పేరు పెద్దగా ఉందని అలిగిందండీ. అందుకని అది చెరిపి ఇంత చేశాను."

'ర్' తాడేపల్లిగూడెంలో ఒక టైలరు బోర్డు చివర దొరికింది. 'మా' కోసం ఉల్లిపాయల మార్కెట్లో నిలబడ్డారు. లారీ వెనక 'మా అమ్మ దీవెన' అని ఎర్రటి అక్షరాలు. ట్రేసింగు సగంలో ఉండగా లారీ కదిలింది. విక్టోరియా కాగితం వదల్లేదు. ఆవిడ వెనకాల జాయ్సీ, జాయ్సీ వెనకాల హమాలీలు అరుస్తూ పరుగెత్తారు. డ్రైవరు ఆపి దిగి, సంగతి విని, "పూర్తి చేసుకోండమ్మా, మా అమ్మ కూడా టీచరే" అన్నాడు. ఆ మధ్యాహ్నం టీ తాగుతూ వదినా ఆడపడుచులు పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వు మధ్యలో విక్టోరియా ఒక్కసారి పక్కకి తిరిగింది. చెప్పడానికి అక్కడ ఆయన లేరని గుర్తొచ్చి మళ్లీ గ్లాసు అందుకుంది.

అక్కణ్ణించి నేరుగా ఏడుకొండలు కొట్టుకి వెళ్లి నాలుగు కాగితాలూ రాయి మీద పరిచారు. 'ఏ' ఇనప చువ్వలా బిగుసుకుని ఉంది. 'సు' ఊగుతోంది. 'మా' మిగతావాటిని తొక్కేసేంత లావు. 'ర్' దర్జీ సూదంత సన్నం.

ఏడుకొండలు చాలాసేపు మర్యాదగా చూశాడు. ఇంక ఆపుకోలేకపోయాడు.

"టీచర్ గారూ, ఏమనుకోకండి. ఇది పేరులా లేదండీ. బస్సు కోసం నిలబడ్డ జనంలా ఉంది."

"పావురాలు పెట్టిద్దామన్నానా" అంది జాయ్సీ.

విక్టోరియా కాగితాలు అటూ ఇటూ జరిపి చూసింది. ఒక్కొక్కటీ బావుంది. కలిపితే ఆయన లేరు. కాగితాలు చుట్టేసి, "'కు' కూడా చూసొద్దాం" అంది, ఇంకేం చెయ్యాలో తెలీక.

'కు' గణపవరంలో ఉంది. ఇద్దరు సిమెంటు దేవదూతల్లాంటి స్త్రీల మధ్య 'వెంకట కుటీరం' అని నొసటన రాసుకున్న పాత డాబా అది. ఇంటావిడ వెంకటనరసమ్మ వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. విక్టోరియా వచ్చిన పని చెప్పేసరికి పెద్దావిడ చేతిలో పని ఆపింది.

"పొడుగ్గా, సంచీ తగిలించుకుని? ఆయనా! మా ఇంటికేసి అదేపనిగా చూస్తుంటే దొంగేమో అనుకున్నానమ్మా. మజ్జిగిచ్చాను. తాగి మళ్లీ చూశారు."

"ఫొటో తీసుకున్నారాండీ?"

"తీసుకున్నారు. అందరూ ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. ఈయన ఫోను జేబులో పెట్టి అప్పుడు మొదలెట్టారు చూడ్డం. గాల్లో వేలితో గీసుకున్నారు. 'అచ్చం ఇలాగే రాస్తారా బాబూ' అంటే, 'లేదండీ, అలా రాస్తే అది మీ మేస్త్రీదే అవుతుంది. ఆయన చెయ్యి ఎటు తిరిగిందో పట్టుకుని వెళ్తాను. ఇంటికెళ్లాక నా చెయ్యి ఎటు తిరుగుతుందో చూస్తాను' అన్నారు. నాకేం బోధపడలేదు. ఇంకో గ్లాసు మజ్జిగిచ్చాను." పెద్దావిడ విక్టోరియా మొహంలోకి చూసింది. "ఉన్నారామ్మా ఆయన?"

"లేరండీ."

వెంకటనరసమ్మ లోపలికెళ్లి మజ్జిగ తెచ్చింది.

జాయ్సీ నిచ్చెన తెచ్చి గోడకి వేసింది. "ఎక్కు వదినా. నేను పట్టుకుంటాను. ఈసారి దేన్నీ పడెయ్యను, ఒట్టు."

విక్టోరియా కాగితం సంచీలో పెట్టేసింది. నిచ్చెన ఎక్కకుండా వీధిలోకి వెళ్లి, ఎండలో నిలబడి, 'కు' వైపు చూసింది. తాపీ ఎక్కడ ఆగిందో, ఎక్కడ మేస్త్రీ ముచ్చటపడి ఇంకో వంపు తిప్పాడో కనిపించేదాకా చూసింది. తరవాత చెయ్యెత్తి గాల్లో గీసింది. సైకిలు మీద వెళ్తున్నాయన తననే పిలుస్తోందనుకుని ఆగాడు.

"మిమ్మల్ని కాదండీ" అంది జాయ్సీ. "అక్షరాన్ని."

ఆదివారం ఆరాధన అయ్యాక విక్టోరియా భోజనాల బల్ల మీద పెద్ద కాగితం పరిచింది. తెచ్చిన ట్రేసింగులు ఎదురుగా పెట్టుకోలేదు. ఇన్నేళ్లూ నల్లబల్ల మీద తెలుగు రాసిన చెయ్యి అది. నిటారుగా, పిల్లలకి అర్థమయ్యేలా రాయడమే దానికి వచ్చు. ఇప్పుడు 'ఏ' దగ్గర కొంచెం గేటులా బిగిసింది. 'సు' దగ్గర పడవలా వదులైంది. ఐదు కాగితాలు పాడయ్యాయి. ఆరోదాన్ని జాయ్సీ గోడకి ఆనించి, వెనక్కి నడిచి, గుమ్మం తగిలేదాకా చూసింది.

"ఇది అన్నయ్య రాత కాదు" అంది. "నీది కూడా కాదు. ఏమోనే వదినా, ఇద్దరూ కూర్చుని రాసినట్టుంది."

"పావురాలు?"

"పావురాలెందుకు, వాటి మొహం."

రాసినంతవరకూ ఏడుకొండలుకి పంపింది. అతను నవ్వలేదు. ఉలి సన్నంగా నూరుకోవాలన్నాడు. శుక్రవారం స్కూలు వదిలే వేళకి ఫోన్ చేశాడు.

"టీచర్ గారూ, నాలుగు చెక్కేశానండీ. బ్రహ్మాండంగా వచ్చాయండీ. కొట్టుకొచ్చినవాళ్లంతా చూసి ఎవరీ ఏసుకుమా అని అడుగుతున్నారు. ఆ ఐదోది కూడా పంపేస్తే పండగ లోపు రాయి నిలబెట్టేద్దామండీ."

"పంపుతానండీ" అంది విక్టోరియా.

ఇంటికొచ్చి బల్ల మీది కాగితం సరిచేసి పెన్సిలు చెక్కుకుంది. అది రాస్తే పేరు పూర్తవుతుంది. 'ర్' ఇంకా రాయలేదు.