కలుపుకోని ఏడాది

తాయారమ్మ అట్టపెట్టెలో సర్దిన పుస్తకాలను మనవరాలు చిత్ర మళ్లీ బయటికి తీయడం అది మూడోసారి.

"ఏమే, పుస్తకాలు వాటంతట అవే నడిచొస్తాయా?" అంది ముసలమ్మ.

"నేనొస్తానని ఎవురు చెప్పినారవ్వా?"

"రాక ఈడ ఎవురుతో ఉంటావు? మత్తిగిరి పశువుల ఫారం గొడ్లతోనా?"

తల్లి నాగజ్యోతి గిన్నెలకు కాగితం చుడుతూ ఇద్దరి మాటలూ వింటోంది. భర్త వీరాస్వామికి తమిళనాడులోని హోసూరు ఫ్యాక్టరీ నుంచి, ఆంధ్రాలో అదే కంపెనీ పెట్టిన కొత్త ప్లాంటుకు బదిలీ అయింది. ఇంకో పది రోజుల్లో చేరాలి. చిత్ర రోజూ బస్సులో కృష్ణగిరి పోయి బీయస్సీ చదువుతోంది. రెండేళ్లు పూర్తయ్యాయి, ఒక్క ఏడాది మిగిలింది.

"ఎందుకీ రచ్చ?" అన్నాడు వీరాస్వామి. "నాకు పదహారేండ్ల సర్వీసు. ఆడికి పోయినా అదే నంబరు, అదే గ్రేడు. నన్నేమన్నా కొత్తోడి కింద చేర్చుకుంటారా? చదువూ అంతే. ఈడా ఆడా గవర్మెంటు కాలేజీలే కదా. రేపే టీసీ తీసుకొచ్చేయ్."

చిత్ర ఫోన్ చూపించింది. అక్కడి యూనివర్సిటీ నుంచి ఆ ఉదయమే జవాబు వచ్చింది.

"పాసైన ఒక్కో పేపరుకూ ఇన్నని క్రెడిట్లు ఇస్తారు నాయనా. నాకు ఎనభై ఎనిమిది వచ్చినాయి. వాళ్లు కలుపుకునేది నలభై ఒకటే. మిగతావి వాళ్ల సిలబస్‌కు సరిపోవంట. మళ్లా రెండో సంవత్సరంలోనే కూర్చోవాలంట."

"ఒక్క యేడాదేలే," అన్నాడు వీరాస్వామి.

"ఇరవై నిండిన పిల్ల చదివిందే చదువుతాదా? ఇంక చాల్లే," అంది తాయారమ్మ.

చిత్ర హాస్టలు మాటెత్తితే ఆవిడ ఒప్పుకోలేదు. తండ్రి ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. చిత్ర పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని గోడ వైపు తిరిగింది. ఆ పిల్లకు పోవడానికీ దారి లేదు, ఉండడానికీ దారి లేదు.

మన ఇళ్లలో బదిలీ వస్తే గ్యాస్ కనెక్షన్ మారుస్తాం, ఆధార్‌లో చిరునామా మారుస్తాం. ఆడపిల్ల డిగ్రీని కూడా అదే వరుసలో రాసుకుంటాం. మారదని తెలిశాక, పోతే పోనీ అనుకునేది కూడా దాన్నే.

మరునాడు నాగజ్యోతి కూతురి వెంట కృష్ణగిరి వెళ్లింది. కాలేజీ హెడ్‌క్లర్కు రామచంద్రప్ప ఆమె చెప్పిందంతా విని, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"టీసీ అడిగితే పది నిమిషాల్లో రాసిస్తానమ్మా. మళ్లా తిరిగొచ్చి చేర్చుకోమంటే మాత్రం నా చేతిలో ఉండదు. మీ ఆయన సర్వీసును కలుపుకునేకి ఒకే కంపెనీ ఉంది. ఈ పాపకు రెండు రాష్ట్రాలు, రెండు యూనివర్సిటీలు. బాగా యోచన చేసి రాండి."

తిరుగు బస్సులో నాగజ్యోతికి తాను చదివిన పలమనేరు జూనియర్ కాలేజీ గుర్తొచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరం ఫస్టు క్లాసులో పాసైన వేసవిలోనే ఆమెకు పెళ్లయింది. రెండో సంవత్సరం హోసూరులో చేరొచ్చులే అని అందరూ అన్నారు. హోసూరు వచ్చాక ఆ మాట ఎవరూ ఎత్తలేదు. చివరికి తానూ ఎత్తలేదు.

నాలుగు గంటలకు వీరాస్వామి షిఫ్టు దిగి వచ్చాడు. నాగజ్యోతి అందరికీ కాఫీ ఇచ్చి కింద కూర్చుంది.

"టీసీ తెచ్చినారా?"

"లేదు. తీసుకోము," అంది మెల్లగా. "డిగ్రీ అయ్యేదాకా చిత్ర ఈ ఇంట్లోనే ఉంటాది. నేనూ దాంతోనే ఉంటాను. అత్తా, మీరు ఆయనతో పోండి."

"ఇల్లు రెండు ముక్కలు చేస్తావా?" అన్నాడు వీరాస్వామి.

"ఒక్క యేడాదేలే అని మీరే అన్నారు కదా. ఆ యేడాది మనం ఓర్చుకుందాం, దాని నెత్తిన వేయొద్దు. ఆడపిల్ల చదువు ఒక్కసారి నిలిచిపోతే, దాన్ని మళ్లా ఎత్తుకునేకి ఇంట్లో ఎవురికీ తీరిక దొరకదు."