పెళ్లి కాలేదని ఒక కాగితం

పొద్దున్నే గడప కడిగేటప్పుడు భవిత వాళ్లమ్మకి అందరికంటే పది నిమిషాలు ఎక్కువ పట్టేది. గడప ముందున్న నాపరాతి మెట్టు మీద నాలుగు పాదాల గుంటలున్నాయి. చెంబుతో నీళ్లు కొడితే వాటిల్లో నిలబడిపోతాయి. ఒక్కో గుంటనీ గుడ్డతో అద్ది ఆరబెట్టాలి, లేకపోతే సాయంత్రానికి దోమలు.

గురజాలలో ఆ వీధి మొత్తానికీ ఆ మెట్టు సంగతి తెలుసు. ఆ ఇంటి ఆడపిల్ల పెళ్లయ్యి అత్తారింటికి బయల్దేరుతూ కుడికాలు పెడితే, రాయి తడి అడుసులాగా మెత్తబడి పాదాన్ని అచ్చు తీసుకుంటుంది. తాత చెల్లెలిది ఒకటి, మేనత్తలవి రెండు. పెద్ద మేనత్త చిటికెనవేలు పక్కవేలు మీదికి ఎక్కి ఉంటుంది, రాతిలో కూడా ఎక్కే ఉంది. కొందరు పెళ్లి ఫొటోలు గోడకి తగిలించుకుంటారు, వీళ్లకి మెట్టు మీద ఉంటాయి, అంతే.

నాలుగోది భవితది. భవితకి ఇంకా పెళ్లి కాలేదు.

ఆ పాదం ఆమెకి ఆరేళ్లప్పుడు పడింది. ఎండాకాలం సెలవులకి కారంపూడి నుంచి మేనమామ కొడుకు మహేష్ వచ్చాడు. పిల్లలిద్దరూ పెళ్లాట ఆడుకున్నారు. పసుపుతాడు కట్టించుకుని, చిన్న ఇత్తడి చెంబు చంకనేసుకుని, ట్రాక్టరు షెడ్డే అత్తారిల్లనుకుని భవిత ఇంట్లోంచి బయల్దేరింది. మెట్టు ఠక్కున అచ్చు తీసేసుకుంది. నాయనమ్మ రామాయమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచీ వీధి వీధంతా మహేష్‌ని భవిత మొగుడనే అనేది. మేనరికం పిల్లోణ్ణి ఇంకేమంటారు?

మేనత్తల పాదాలు పడ్డవి పడ్డట్టే ఉన్నాయి గానీ భవిత పాదం మాత్రం ఆమెతో పాటే పెరిగింది. స్కూలు బూట్లు కొనాలంటే వాళ్ల నాన్న ఆంజనేయులు పిల్లని వెంటబెట్టుకుపోయేవాడు కాదు. ఆ గుంటలో న్యూస్‌పేపరు పెట్టి, చుట్టూ కత్తిరించి జేబులో పెట్టుకుపోయేవాడు. ఎప్పుడూ సైజు తప్పలేదు.

ఇప్పుడు భవితకి ముప్ఫై. జర్మనీలో నర్సుగా పనిచేస్తోంది. అదే ఆస్పత్రిలో అంబులెన్సు నడిపే యోనాస్‌ని చేసుకోబోతోంది. ఇంట్లో మొదట రెండు నెలలు మాటల్లేవు. తర్వాత ఆ అబ్బాయి వీడియో కాల్లో రామాయమ్మకి తను వండిన పప్పు చూపించాడు. అందులో తాలింపు వేయలేదని ఆమె అరగంట తిట్టింది. అక్కణ్ణించి మాటలు మామూలయ్యాయి. అక్కడి టౌన్ హాలు వాళ్లు పై నెల పద్నాలుగో తేదీ ఇచ్చారు. కాగితాలన్నీ వస్తేనే పెళ్లి, లేకపోతే మళ్లీ ఏడాదికి గానీ తేదీ దొరకదు. అందుకే మూడు వారాల సెలవు పెట్టి వచ్చింది.

వచ్చిన దగ్గర్నుంచీ పొద్దున్నే మంచం మీద ఫైలు పరుచుకోవడమే పని. కొత్త బర్త్ సర్టిఫికెట్టు, నోటరీ అఫిడవిట్టు, అమ్మానాన్నల అఫిడవిట్టు, వాటికి తర్జుమాలు, తర్జుమాలకి ముద్రలు. వీటన్నిట్లోకీ మొండిది, ఆమెకి పెళ్లి కాలేదని చెప్పే కాగితం. ఆఫీసులో గుమాస్తా తల గోక్కున్నాడు. అయిందంటే అయిందని రాసిస్తాం గానీ, కాలేదని రాయడానికి మేమేం చూసినట్టమ్మా అన్నాడు. నాలుగుసార్లు తిరిగాక రాసిచ్చాడు.

ఆఖరున మిగిలింది విచారణ. కాగితాల్లో ఉన్నది నిజమో కాదో ఊళ్లో కనుక్కుని రమ్మని ఎంబసీ వాళ్లు ఒక లాయరుని పంపుతారు. నరసరావుపేట నుంచి హబీబ్ గారని ఒకాయన శనివారం దిగాడు. సన్నగా, నెమ్మదిగా, చంకలో తోలుసంచీతో. ఇంటికి రాకముందే పక్కింటి గురవమ్మని అడిగాడు.

తెలియని మనిషి వచ్చి ఆడపిల్ల గురించి అడిగితే ఒక మెట్టు ఎక్కించి చెప్పడం ఆ వీధి మర్యాద. గురవమ్మ ఆ మర్యాదే చేసింది. "దానికేం తక్కువ సార్, మొగుడు బంగారం. కారంపూడిలో ఎరువుల కొట్టు. సిగరెట్టు కూడా కాల్చడు" అంది. హబీబ్ రాసుకున్నాడు.

తర్వాత ఇంటికొచ్చి, చెప్పులిప్పుతూ మెట్టు చూశాడు. ఇట్టాంటివి ఆయన ఇంతకుముందు చూసినట్టే ఉంది, ఏమీ అడగలేదు. సంచీలోంచి టేపు తీసి నాలుగో పాదం కొలిచాడు. భవితని కాలు పెట్టమన్నాడు. పెట్టింది. గోరంత సందు లేకుండా పట్టింది. చిన్నప్పుడు ఆటలో పడిందండీ, పెళ్లి కాలేదు అంది.

"మేడం, మీ మాట నేను నమ్ముతా" అన్నాడాయన. "కాకపోతే నేను రాయాల్సింది కళ్లతో చూసింది. బుధవారం ఇంకోసారి వస్తా. అప్పుడెట్టా ఉంటే అట్టా రాస్తా."

ఆ సాయంత్రం గురవమ్మ గిన్నెడు వేయించిన చక్రాలు పట్టుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంది. మంచి చెప్తున్నాననే అనుకున్నానే తల్లీ అంది. భవితకి కోపం కూడా రాలేదు. ఆంజనేయులు సిమెంటు కలిపి గుంట పూడ్చాడు. తెల్లారేసరికి సిమెంటంతా పొడై మెట్టు పక్కన కుప్పగా ఉంది, పాదం ఎప్పట్లాగే ఉంది. ఆయన ఉలి తీసుకున్నాడు. అక్కచెల్లెళ్ల పాదాలు పక్కనే ఉన్నాయి, చెయ్యి రాక మళ్లీ పెట్టేశాడు.

రామాయమ్మ మనవరాల్ని పక్కన కూచోబెట్టుకుని తల దువ్వుతూ, ఎవరికీ వినపడకుండా అడిగింది. "చిన్నపిల్లల ఆటకి పడ్డ పాదాన్ని రాయి ఇన్నేళ్లు పట్టుకుని ఉండదే. పెద్దయ్యాక ఆ పిల్లోడికి నువ్వేం చెప్పావు?"

భవితకి తెలుసు. దిగిన రోజు నుంచీ తెలుసు, ఫైలు సర్దుకుంటూ తెలియనట్టు తిరిగింది.

ఆమెకి ఇరవై రెండేళ్లప్పుడు, జర్మన్ నేర్చుకోవడానికి హైదరాబాద్ పోతుంటే, నరసరావుపేట బస్టాండు దాకా సామాను మోసింది మహేషే. బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరకొచ్చి ఏదో సగం అడిగాడు. "నేనొచ్చేదాకా ఆగు బావా" అంది. ఆ పూటకి నిజంగానే అంది. తర్వాత పరీక్షలు, విమానం, నైట్ డ్యూటీలు. ఒక ఏడాదికి ఆ మాట నిజం కాకుండా పోయింది. పోయిందని అతనికి చెప్పలేదు. పుట్టినరోజుకి అతను మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ పెట్టేది.

ఈ ఎనిమిదేళ్లలో మహేష్ ఆ ఇంటికి ఎన్నోసార్లు వచ్చాడు. విత్తనాలు తెచ్చిచ్చేవాడు, మోటారు బాగుచేసేవాడు. మెట్టెక్కి లోపలికి మాత్రం రాలేదు. అరుగు మీదే కూచుని మంచినీళ్లు తాగి పోయేవాడు. కొట్టు తెరవాలి కదా పాపం అనుకునేవాళ్లు అందరూ.

బుధవారం పొద్దున భవిత ఫోన్ చేసింది. గంటలో బండి ఆగింది. మహేష్ అరుగు మీద తన చోట కూచున్నాడు. అమ్మ మెట్టు మీద నీళ్లు కొట్టి, గుడ్డ పట్టుకుని వంగబోతూ ఇద్దర్నీ చూసి ఆగిపోయింది.

"ఏందే, మీ లాయరు నా పేరు కూడా రాసుకుపోయాడంట" అన్నాడు మహేష్.

"బావా, అప్పుడు నిన్ను ఆగమన్నా గదా."

"అన్నావు."

"ఏడేళ్లయింది."

"ఎనిమిది. మొన్న కార్తీకానికి ఎనిమిది నిండినయ్."

భవిత అరుగు అంచున కూచుంది. నువ్వు బాధపడతావని చెప్పలేదు అనాలని ఇంట్లో నాలుగుసార్లు అనుకుని వచ్చింది. నోటికి అది రాలేదు.

"అక్కడ మొదట్లో నాకెవరూ లేరు. గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు, ఊళ్లో నాకోసం ఒకడు ఆగి ఉన్నాడనుకుంటే ధైర్యంగా ఉండేది. చెప్పేస్తే ఆ ధైర్యం పోతుందని చెప్పలా. యోనాస్ వచ్చాక కూడా చెప్పలా, సిగ్గేసి. నిన్ను అట్టా వాడుకున్నా బావా."

మహేష్ గోళ్లలో ఎరువుపొడి గీక్కున్నాడు. మాచర్లలో ఒక సంబంధం వచ్చిందని, అమ్మాయి టీచరని, చూద్దాం చూద్దాం అంటూ రెండేళ్లు సాగదీశానని చెప్పాడు. ఆ టీచరుకి ఇప్పుడు కవల పిల్లలంట. ఆ ముక్క చెప్పేటప్పుడు అతనికి నవ్వొచ్చింది, ఆమెకి రాలేదు.

"వద్దని ఒక్క మాట పెడితే పోయేది గదే. ఎప్పుడు చూసినా ఆ వేలి బొమ్మ. దాన్ని నేనేమనుకోవాలి?"

"ఇంక ఆగొద్దు బావా."

అతను వీధిలో పాలవాడు పోయేదాకా చూశాడు. మెట్టు మీద నీళ్లు నిలిచిన నాలుగు గుంటల్నీ చూశాడు.

"సరేలే" అన్నాడు. "ఆగను."

నాలుగో గుంటలో నీళ్లు కదిలాయి. అంచు దాకా లేచాయి, పొర్లాయి, మెట్టు మీదుగా కారి మట్టిలోకి ఇంకాయి. గుంట అడుగు నెమ్మదిగా పైకొచ్చి చుట్టూ ఉన్న రాతితో సమానమైంది. అమ్మ వంగి ఆ చోటు గుడ్డతో తుడిచింది. లోపలి నుంచి రామాయమ్మ, ఇంక నీకు మూడు గుంటలే, పని తగ్గింది పో అంది కోడలితో.

భవిత చెయ్యి పెట్టి చూసింది. నున్నగా, చల్లగా ఉంది. ఇరవై నాలుగేళ్లుగా ఉన్న బొటనవేలి గుంట కోసం వేళ్లతో ఇంకోసారి వెతికింది. తర్వాత టీ పెట్టడానికి లోపలికి పోయింది.

పదకొండింటికి హబీబ్ వచ్చాడు. మెట్టు చూసి, అరచేత్తో తడిమి, ఫోన్లో మూడు ఫొటోలు తీసుకున్నాడు. గురవమ్మని పిలిపించి మళ్లీ అడిగాడు. ఆమె ఈసారి ఒక్కటంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. హాల్లో కూచుని, చేతిరాతతో, 'అవివాహిత' అని రాశాడు. సాక్షులిద్దరు కావాలన్నాడు. గురవమ్మ ఒకరు. రెండో సాక్షిగా ఎవర్నైతే మొగుడన్నారో ఆయనే సంతకం పెడితే మంచిదన్నాడు.

మహేష్ అరుగు మీంచి లేచాడు. మెట్టు మీద కాలు పెట్టాడు, గడప దాటాడు, లోపలికొచ్చాడు. రామాయమ్మ తన పక్కన జాగా చూపించింది. హబీబ్ వేలు పెట్టిన గడిలో, దరఖాస్తుదారుకి ఏమవుతారు అన్నచోట, 'మేనమామ కొడుకు' అని రాసి సంతకం చేశాడు. భవిత టీ గ్లాసులతో వచ్చి అతని భుజం మీదుగా ఆ గడిని చదివింది.

హబీబ్ కాగితాలు సంచీలో సర్దుకుంటున్నాడు. మహేష్ పెన్ను తిరిగివ్వకుండా చేతిలోనే తిప్పుతూ కూచున్నాడు.

"సార్, ఇట్టాంటి కాగితం నాకూ ఒకటి రాసిస్తారా?"

"ఎట్టాంటిది?"

"పెళ్లి కాలేదని."

హబీబ్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "మీరు ఏ దేశం పోతున్నారు?"

"యాడికీ పోను సార్. మా అమ్మకి చూపించాలి. నీకు పెళ్లయినట్టా కానట్టా అని ఎనిమిదేళ్లుగా అడుగుతా ఉంది."

హబీబ్ భవిత వైపు ఒకసారి, గుమ్మం వైపు ఒకసారి చూశాడు. ఎక్కడా ఎవరూ నవ్వలేదు. సంచీ మళ్లీ తెరిచి, ఒక తెల్లకాగితం తీసి, పైన తేదీ వేశాడు.

"పేరు చెప్పండి" అన్నాడు.

మహేష్ నిటారుగా కూచుని, ఇంటిపేరుతో సహా చెప్పాడు.