పేరు చివరి తోక

శనివారం పొద్దున్నే ఫిలొమెన్ ముసలమ్మ మ్యూజియం తలుపు తోసుకుని లోపలికొచ్చింది. చేతుల్లో గుడ్డ చుట్టిన పెద్ద గిన్నె. వెనకాల ఆవిడ మనవడు రెనే బానక్ రొట్టెల బుట్ట మోసుకొస్తున్నాడు. మధ్యాహ్నం కొత్త ప్రదర్శన గది తెరుస్తున్నారు కదా, సాయానికి వచ్చారనుకుని అక్కడ పనిచేసే కొరిన్ సంతోషంగా ఎదురెళ్ళింది.

"ఇంత దూరం మోసుకొచ్చావేంటవ్వా? వంట ఇక్కడే చేయిస్తున్నాంగా."

"చేయిస్తే చేయించారు. మావాడికి చివరిసారి పెట్టేది నా చేత్తో ఉండాలి కదే," అంది ముసలమ్మ. "ఎక్కడ పడుకోబెట్టారు?"

"ఎవర్ని?"

"ఎవర్నంటావేంటి. మా తమ్ముడు మాగ్లాయిర్‌ని."

కొరిన్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. ముసలమ్మ గిన్నె బల్ల మీద పెట్టి, కోటు లోపలి నుంచి తనకు ముందే అందిన మ్యూజియం పత్రిక తీసింది. తోళ్ళ వర్తకపు చరిత్ర మీద ఆ మ్యూజియం వాళ్ళు మూడు నెలలకోసారి వేసే పత్రిక అది. ఈ సంచికను తయారుచేసింది కొరినే. అట్ట మీద మాగ్లాయిర్ తాత ఫోటో. విల్లో కొమ్మను గుండ్రంగా వంచి, దానికి బీవర్ అనే నీటిజంతువు తోలు బిగించి కుడుతున్నాడు. కింద అక్కడి ఆదివాసుల క్రీ భాషలో పేరు: మాగ్లాయిర్-ఇపన్.

"చదువుకో," అంది ముసలమ్మ. "నువ్వు రాసిందేగా."

క్రీ భాషలో కీర్తిశేషుడని వేరే చెప్పక్కర్లేదు. పేరు చివర ఆ చిన్న తోక తగిలిస్తే చాలు, మనిషి కాలం చేసినట్టే. ఆ సంగతి ఊళ్ళో నడిచే పిల్లాడికి కూడా తెలుసు. కొరిన్‌కి తెలియకుండా పోయింది. బళ్ళో ఆ భాష మాట్లాడి దెబ్బలు తిన్నవాళ్ళు ఆమె అమ్మానాన్నలు. తమ కూతురికా దెబ్బలు వద్దని ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు. వాళ్ళింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి కొరిన్. క్రీ భాష పట్నంలో పుస్తకం చూసి నేర్చుకుంది. 'ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనిదానికి ఇపన్ చేరుతుంది' అని ఆ పుస్తకంలో ఉంది. వేట మానేశాను, బోనులన్నీ రెనేకి ఇచ్చేశాను అని మాగ్లాయిర్ తాత చలికాలం మొదట్లో ఊరంతా చెప్పుకున్నాడు. ఒకప్పటి వేటగాడు అని రాద్దామనుకుంది కొరిన్. తోక పనికి తగిలించాల్సింది, మనిషికి తగిలించింది.

అదంతా చెప్పి, "తప్పు నాదవ్వా. తాత బాగానే ఉన్నాడు," అంది.

ముసలమ్మ కుర్చీలో కూలబడింది. "చావు కబురు ఫోన్లో అడగకూడదని వచ్చాను. దారంతా ఏడ్చాను," అని ముక్కు తుడుచుకుంది. అంతలోనే తలెత్తింది. "మరైతే ఏడీ?"

కొరిన్ కిటికీలోంచి సరస్సు వైపు చూసింది. మానేశానన్నవాడు సోమవారం మళ్ళీ బయల్దేరాడు, ఒక్కసారి పాత చోట్లు చూసొస్తానని. శుక్రవారానికల్లా వస్తానన్నాడు, గది తెరిచేది తనే కాబట్టి. ఈలోగా గాలి మారింది. సరస్సు మీద మంచు మెత్తబడిందని నిన్నటి నుంచీ అందరూ అంటున్నారు. రాత్రికి ఏ గుడిసెలోనో ఆగి ఉంటాడులే అని ఆమె సర్దిచెప్పుకుంది. ఇప్పుడు ఆ సర్దుబాటు నిలవలేదు.

రెనే బుట్ట దించాడు. చేతి తొడుగులు వేసుకుని మంచుబండి ఎక్కి వెళ్ళాడు.

ఆడవాళ్ళిద్దరూ కిటికీ దగ్గర కూర్చున్నారు. టీ పెట్టుకున్నారు, తాగలేదు. కొత్త గదిలో గోడ మీద అదే ఫోటో, కింద అదే పేరు. కొరిన్ లేచి దాన్ని పీకబోయి ఆగింది. పీకితే తప్పు పోతుందేమో, మనిషి రావాలి కదా. అక్షరం రాసినంత మాత్రాన ఎవరూ పోరని ఆమెకు తెలుసు. అయినా అటు చూడలేక వెనక్కి తిరిగింది.

"వాడు చిన్నప్పుడూ ఇంతే," అంది ముసలమ్మ, సరస్సు వైపే చూస్తూ. "నీళ్ళు తెమ్మని పంపితే చేపలు పట్టుకొచ్చేవాడు. నీళ్ళు మటుకు తెచ్చేవాడు కాదు."

చాలాసేపటికి బండి చప్పుడు వినిపించింది. కొరిన్ తలుపు తీసుకుని ఉత్త చెప్పులతోనే మంచులోకి పరిగెత్తింది. రెనే వెనకాల ఇంకో మనిషి కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ దాకా తడిసిన బూట్లు, ఒళ్ళో బీవర్ ఉన్న సంచి.

"నా బండి బురదమంచులో దిగబడింది," అన్నాడు మాగ్లాయిర్. "సరస్సు దాటబుద్ధి కాలేదు. ఒడ్డమ్మట చుట్టూ నడిచొచ్చా. మీరేంటి, ఈ మొహాలు?" లోపలికొచ్చి గిన్నె మూత తీసి చూశాడు. మూస్ దుప్పి మాంసం వాసన గదంతా నిండింది. "చావుకూడులా ఉందే. ఎవరు పోయారు?"

"నువ్వే," అంది అక్క.

"ఎప్పుడు?"

"గురువారం. అచ్చులో పడింది."

ఆవిడ లేచొచ్చి చేతి తొడుగుతో వాడి భుజం మీద ఒకటి వేసింది. "నాకంటే ముందు పోవడానికి ఎవర్నడిగావురా?" ఆ తర్వాత వాడి చొక్కా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు.

మాగ్లాయిర్ పత్రిక దూరంగా పెట్టి చూశాడు. "ఫోటో బాగా వచ్చింది."

"తాతా, తెలియక రాశాను," అంది కొరిన్.

"పని మానేశానంటే నన్నే మానిపించావా పిల్లా." మాంసం ముక్క నోట్లో వేసుకుని నిదానంగా నమిలాడు. "పోనీలే. బతికుండగా అక్క వంట ఇంత బాగుండదు."

తిన్నాక కొత్త గదిలోకి వెళ్ళాడు. నడుము దగ్గరి కత్తి తీసి, గోడ మీది అట్టలోంచి 'ఇపన్' వరకూ నీటుగా కోశాడు. ఏళ్ళ తరబడి బీవర్ తోకలు కోసిన చెయ్యి. పేరు పక్కన చిన్న గీత మాత్రం మిగిలింది. కోసిన ముక్క కొరిన్ చేతిలో పెట్టాడు.

"పారెయ్యకు. అవసరం వచ్చిన రోజు నువ్వే అంటించు. అప్పుడు తప్పుండదు."

కొరిన్ నవ్వింది. కళ్ళు మాత్రం తుడుచుకోవాల్సి వచ్చింది. ఆ ముక్కను తన సొరుగులో పెట్టి, మధ్యాహ్నం ఊళ్ళోవాళ్ళకి పంచాల్సిన పత్రికల పెట్టె విప్పింది. ప్రతి దాని మీదా తోక ఉంది.

"కలం ఇటివ్వు," అంది ఫిలొమెన్. "నా తమ్ముణ్ణి నేను బతికించుకుంటా."

రెనేతో కలిసి ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చుని తోకలు కొట్టేయసాగారు. మాగ్లాయిర్ కాసేపు చూసి పక్కకి వంగాడు.

"మెల్లిగా అక్కా. గీత మొహం మీదికొస్తోంది."