తీగల కింది దొంగతనం

మొదటి స్వరం మోగగానే రాజలక్ష్మి చెయ్యి ఆగిపోయింది.

మద్రాసు తిరువొత్తియూరులో శివరామ్ ఇంటి మేడ మీద, రేకుల షెడ్డులో ఆదివారం పొద్దున రిహార్సల్ జరుగుతోంది. పెళ్ళిళ్ళలోనూ గుడి ఉత్సవాల్లోనూ సినిమా పాటలు వినిపించే లైట్ మ్యూజిక్ ట్రూపు అది. శివరామ్ దానికి యజమాని. ఏడేళ్ళుగా అందులో బేస్ గిటార్ వాయించేది రాజలక్ష్మి.

"ఏంది రాజీ, బిత్తరపోయినావే?" అని నవ్వాడు శివరామ్. "ఎట్ట మెరస్తా ఉందో చూసినావా? నువ్వు తిరుత్తణి పోయిన వారంలో నేనే సర్వీసుకిచ్చి తెప్పించినా. పాలిషు, కొత్త తీగలు, అంతా చేయించినా."

"నన్నడక్కుండా ఎందుకిచ్చినావన్నా?"

"అడిగితే వద్దంటావు గదా, అందుకే!"

డ్రమ్స్ దగ్గర కూర్చున్న సుబ్బన్ పకపకా నవ్వాడు. పాడేవాళ్ళూ నవ్వారు. రాజలక్ష్మి మాత్రం నవ్వలేదు. మళ్ళీ మీటింది. గిటార్ నుంచి వచ్చింది ఆమెకు తెలిసిన గొంతు కాదు. ఖాళీ నూనె డబ్బాను కర్రతో కొట్టినట్టుంది.

ఆ గిటార్ ఆమెకు ఊరికే రాలేదు. పగలు ఒక ఎగుమతి కంపెనీలో టైపిస్టు ఉద్యోగం చేస్తూ, రెండేళ్ళు ఓవర్‌టైం చేసి కొనుక్కుంది. దాన్ని అమ్మింది పెరంబూరులో రైల్వే వాళ్ళ బ్యాండులో వాయించి రిటైరైన నోయెల్ సార్. జపాన్‌లో చేసిన పాత సరుకు. ఒంటి మీద రంగు అక్కడక్కడా పెచ్చులూడిపోయింది. "రంగు పోనీ, గొంతు పోనివ్వకు" అన్నాడాయన. అని ఊరుకోకుండా ప్రతి శనివారం తన ఇంటికి పిలిచి, దాన్ని ఎలా చూసుకోవాలో నేర్పాడు.

మద్రాసు గాలికి చెక్క మాట వినదు. ఐప్పసి నెల వానల్లో గిటార్ మెడ ఒకలా వంగుతుంది, నడివేసవి కత్తిరి ఎండల్లో ఇంకొకలా. మెడలోపలున్న ఇనప కడ్డీని తాళంచెవిలాంటి చిన్న పనిముట్టుతో పావు చుట్టు తిప్పి సరిచెయ్యాలి. తీగను రెండు చివర్లా నొక్కిపట్టుకుంటే మధ్యలో విజిటింగ్ కార్డు దూరేంత సందు మాత్రమే కనపడాలి. అంతకంటే తగ్గితే తీగ గరగరమంటుంది, పెరిగితే వేళ్ళు నొప్పెడతాయి. రాజలక్ష్మి ఏటా రెండుసార్లు ఈ పని తనే చేసుకునేది. గరుకు తీగలు ఆమెకు నచ్చవు. నున్నటి తీగలే కట్టేది. తీగల చివర్లు ఆనే బ్రిడ్జి దగ్గర వాటి కింద చిన్న స్పాంజి ముక్క దోపేది. అప్పుడు వచ్చే శబ్దం మృదంగం ఎడమవైపు నుంచి వచ్చే గుమికి నాదంలా గుండ్రంగా, వెచ్చగా ఉండేది. పాట వినేవాళ్ళకు అది ఉందని తెలియదు. ఆపేస్తే మాత్రం పాట కాళ్ళ కింద నేల పోయినట్టవుతుంది.

ఆరోజు రిహార్సల్ ఎలాగో ముగించి, గిటార్ భుజానికి తగిలించుకుని బస్సెక్కింది. తీగలు మార్చడం వల్లే గొంతు మారి ఉంటుందని దారంతా తనకు తాను చెప్పుకుంది. మర్నాడు ఆఫీసు నుంచి రాగానే కొత్త తీగలు విప్పేసి, తన దగ్గరున్న నున్నటి తీగలు కట్టింది. మెడ సరిచేసింది. స్పాంజి ముక్క దోపింది. మీటింది. డబ్బా మోతే.

అప్పుడు పైనున్న ప్లాస్టిక్ పలక మరలు విప్పి, పికప్ బయటికి తీసింది. తీగల కదలికను కరెంటుగా మార్చి స్పీకరుకు పంపే అయస్కాంతాల తునకే పికప్. గిటార్ గొంతంతా దానిలోనే ఉంటుంది. నోయెల్ సార్ గిటార్‌లో దానికి నూలు గుడ్డ చుట్టిన వైర్లుండేవి. ఇప్పుడు ఎర్రటి ప్లాస్టిక్ వైర్లున్నాయి. సముద్రపు గాలికి తుప్పు పట్టిన అయస్కాంతాల స్థానంలో తళతళలాడేవి ఉన్నాయి. పికప్ అడుగున స్పాంజి చివికిపోతే, రెండేళ్ళ క్రితం నాయన పాత హవాయి చెప్పులోంచి నీలం రబ్బరు ముక్కలు కోసి, సైకిల్ ట్యూబు సొల్యూషన్‌తో తనే అంటించింది. ఆ ముక్కలూ లేవు.

రాజలక్ష్మికి ఎవరో ఇంట్లోకి దూరి, మనిషిని మార్చేసి, అదే చీర కట్టి కూర్చోబెట్టి వెళ్ళినట్టనిపించింది.

బుధవారం సాయంత్రం శివరామ్ దగ్గరికి వెళ్ళి, విప్పిన పికప్ ముందు పెట్టింది.

"ఇది నాది కాదు."

శివరామ్ దాన్ని చూడనైనా చూడలేదు. "సర్వీసు చేసిన తంగరాజ్ సినిమా రికార్డింగోళ్ళ గిటార్లు చూసే మనిషి. ఆయనకు తెలీదా? పాతది చచ్చిపోయుంటే కొత్తదేసుంటాడు. బాగుండాది, సౌండొస్తా ఉండాది. ఇంకేం గావాల నీకు?"

"సౌండ్ కాదన్నా నాకు కావాల్సింది. నా సౌండ్."

"అబ్బబ్బా! బేస్ ఎవురికి ఇనపడతాది పాప? జనం పాడేవాళ్ళను చూస్తారు. నిన్ను చూస్తారు, ఆడమనిషి గిటార్ పట్టుకోనుందని. అందుకే గదా పోస్టర్లో నీ ఫోటో ఏసింది."

ఏడేళ్ళు. టైపు కొట్టి కొట్టి అరిగిన వేళ్ళతో ఏడేళ్ళు తీగలు మీటితే, ఈయన చూసింది ఫోటోనా? రాజలక్ష్మి పికప్ తీసుకుని మెట్లు దిగింది. దిగుతుంటే వెనక నుంచి సుబ్బన్‌తో శివరామ్ అంటున్నది వినిపించింది. "ఆడోళ్ళకు ఊరికే అనుమానంలేబ్బా."

ఇంటికొచ్చి నాయనతో చెప్పింది. దేవరాజులుకు సౌకార్‌పేటలో పసుపు, మిరపకాయల హోల్‌సేల్ కొట్టు ఉంది, ఇల్లు దాని మేడ మీదే. కూతురు గిటార్ వాయించడం ఆయనకు మొదట్నుంచీ ఇష్టం లేదు. ఇష్టం లేదని ఒకసారి చెప్పి ఊరుకున్నాడు. ఇప్పుడు అంతా విని, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"నాకా చప్పుళ్ళు తెలీవమ్మా. ఈరోడు పసుపులో వేరే పసుపు కలిపితే గోనె విప్పకముందే చెప్తా నేను. ఎట్టా అంటే నాకే తెలీదు. నువ్వు నీది కాదంటే కాదు. రేపు పోదాం. యాడ ఆ తంగరాజ్ కొట్టు?"

తంగరాజ్ కొట్టు వాళ్ళ వీధికి నాలుగు సందుల అవతలే ఉంది. మద్రాసు పేరు చెన్నైగా మారిన ఏడు అది. ఆ సందులో సగం బోర్డుల మీద పాతపేరు, సగం బోర్డుల మీద కొత్తపేరు. తంగరాజ్ బోర్డు మీద ఏ ఊరి పేరూ లేదు, గిటార్ బొమ్మ ఉంది.

"వాంగ మొదలాళీ, రండి షావుకారూ" అంటూ స్టూలు జరిపాడు తంగరాజ్. అరవం కలిసిన తెలుగు అతనిది. రాజలక్ష్మి భుజాన ఉన్న గిటార్ దించి సంగతి చెప్పగానే రెండు చేతులూ తిప్పాడు. "పాతది డెడ్ ఆయిపోయింది మేడమ్. అందుకే కొత్తది పోట్టేను, ఏసినాను."

"పాతది ఏం చేసినావు?"

"కుప్పలో పడేసినాను."

"ఏ కుప్ప?" అని దేవరాజులు అడిగాడు. ఆయన స్టూలు మీద కూర్చోలేదు. "కార్పొరేషన్ కుప్పా, నీ కొట్లో కుప్పా?"

తంగరాజ్ ఏదో చెప్పబోయాడు. ఇంతలో లోపలి గదిలో ఎవరో బేస్ మీటి చూస్తున్న శబ్దం వచ్చింది. ఒకటే స్వరం. లావు తీగ, మూడో గడి.

రాజలక్ష్మి తల అటు తిప్పింది. గుండ్రంగా, వెచ్చగా, చివర కొంచెం గొణుగుతున్నట్టు. అది ఆమె గొంతే. వేరే ఒంట్లోంచి వస్తోంది.

"నాయనా, అదే!" అంటూ కర్టెన్ తోసుకుని లోపలికి వెళ్ళింది.

లోపల ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఎర్ర బేస్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. షోళింగనల్లూరు నుంచి వచ్చాడట, పేరు యువరాజ్. కొత్తగా సొంత ట్రూపు పెట్టుకుంటున్నాడు. ఇంత కోపంగా ఎవరో వచ్చి మీద నిలబడేసరికి కంగారుపడి లేచాడు.

"తమ్ముడూ, ఆ పికప్ నాది. విప్పు."

"ఏంది మేడమ్ ఇది, కస్టమర్‌ను గలాటా చేస్తారా?" అని తంగరాజ్ అడ్డమొచ్చాడు.

"నువ్వు ఆడ్నే నిలబడు" అన్నాడు దేవరాజులు. గొంతు పెంచలేదు. అయినా తంగరాజ్ ఆగిపోయాడు.

యువరాజ్ ఇద్దరి మొహాలూ చూసి, ఏమనుకున్నాడో, మరలు విప్పే పనిముట్టు అందుకున్నాడు. పలక లేపాడు. నూలు గుడ్డ చుట్టిన వైర్లు. తుప్పు పట్టిన అయస్కాంతాలు. పికప్ తిప్పితే అడుగున రెండు నీలం రబ్బరు ముక్కలు.

దేవరాజులు కళ్ళద్దాలు సవరించుకుని వంగి చూశాడు. "ఇది నా చెప్పే!"

నవ్వొచ్చే మాటే. కానీ ఎవరూ నవ్వలేదు. తంగరాజ్ మొహం మాత్రం నల్లబడింది.

"నాకు తెలీదక్కా, సత్తియంగా" అన్నాడు యువరాజ్. "శివరామ్ సార్ చెప్పినారు. సింగపూర్ నుంచి వొచ్చిన పికప్పు ఉండాది, తంగరాజ్ దగ్గర ఏపించుకో అన్నారు. దుడ్డు కూడా ఆయన చేతికే ఇచ్చినాను."

ఆ పేరు విన్నాక రాజలక్ష్మికి తంగరాజ్ మీద కోపం కూడా చిన్నదైపోయింది. ఏడేళ్ళు అన్నా అని పిలిచింది. తన గిటార్‌ను ఆ షెడ్డులో ఇంట్లో పెట్టినట్టు పెట్టి వెళ్ళింది. ఆడోళ్ళకు ఊరికే అనుమానమని నవ్విన నోరు, అంతకు ముందు వారమే తన వస్తువును అమ్ముకుంది.

తంగరాజ్ వైర్లు అతికే సోల్డరింగ్ కడ్డీ అందుకోబోయాడు. "ఇప్పుడే మార్చి ఇచ్చేస్తాను మేడమ్."

"చెయ్యి తియ్యి. దాన్ని నువ్వు ముట్టుకోవద్దు."

ఆమే బల్ల దగ్గర కూర్చుంది. సీసం కరిగించి వైర్లు ఊడదీసింది, తన గిటార్‌లో అతికింది. పొగ కళ్ళల్లోకి వచ్చింది. యువరాజ్ టార్చి పట్టుకున్నాడు. పని అయ్యేదాకా దేవరాజులు గుమ్మంలో నిలబడి, వచ్చిన వాళ్ళతో "కొట్టు మూసేసినారు" అని చెబుతూనే ఉన్నాడు.

తీగలు కట్టి, స్పీకరుకు తగిలించి, మీటింది. ఒక్క స్వరం చాలు. దాన్ని పూర్తిగా ఆరిపోయేదాకా విన్నది. కోపం మాత్రం ఆరలేదు.

"నా కోసం నీ గిటార్ బోడైపోయింది తమ్ముడూ. నీ దుడ్డు శివరామ్‌నే అడుగు. ఇయ్యనంటే నేనొస్తా సాచ్చికి."

"పోతానక్కా. నువ్వు రాకపోయినా పోతాను."

అక్కడి నుంచే తిరువొత్తియూరు బస్సెక్కింది. నాయన వస్తానంటే వద్దంది. షెడ్డులో సుబ్బన్, పాడేవాళ్ళు అందరూ ఉన్నారు. శనివారం పెళ్ళి రిసెప్షన్‌కు రిహార్సల్. అందరి ముందూ శివరామ్‌ను అడిగింది. అతను మొదట తంగరాజ్‌ను తిట్టాడు, తర్వాత యువరాజ్‌ను తిట్టాడు. రాజలక్ష్మి కదలకపోయేసరికి గొంతు మెత్తబరిచాడు.

"సరేలే, ఏదో అయిపోయింది. దొరికింది గదా, విడు. శనివారం ప్రోగ్రాం ఉండాది. ఇంత చిన్న తునక్కోసం ఏడేళ్ళ సావాసం వొదులుకుంటావా రాజీ?"

"చిన్న తునకైతే ఎందుకమ్ముకున్నావు?"

సుబ్బన్ చేతిలో కర్రలు కింద పెట్టి, నేల చూశాడు.

"ఎవురికి ఇనపడతాది అన్నావు గదా" అంది రాజలక్ష్మి. ఈసారి అన్నా అనలేదు. "యువరాజ్‌కు వినపడింది, కొనుక్కున్నాడు. నీకూ వినపడింది, అమ్ముకున్నావు. వినపడదని చెప్పింది నా ఒక్కదానికే."

గోడకంటించిన పోస్టర్లో తన ఫోటో ఉన్న భాగాన్ని చింపి, మడిచి, సంచిలో పెట్టుకుంది. శివరామ్ "ఏయ్, ఏయ్" అంటూ లేచాడు గానీ దగ్గరికి రాలేదు.

శనివారం రిసెప్షన్‌లో కీబోర్డు ఆయన ఎడమచేత్తో బేస్ నొక్కాడని తర్వాత సుబ్బన్ చెప్పాడు. శివరామ్ తప్పు ఒప్పుకోలేదు. రాజలక్ష్మికి గర్వమెక్కిందనీ, గలాటా మనిషనీ నలుగురికీ చెప్పుకుని తిరిగాడు. రెండు ట్రూపుల వాళ్ళు ఆ మాట నమ్మి ఆమెను పిలవడం మానేశారు. అది తెలిసిన రోజు రాజలక్ష్మి అన్నం తినలేదు. దొంగకు దొంగ పేరు రాలేదు, అడిగినదానికి గలాటా పేరొచ్చింది.

మూడు నెలలకు యువరాజ్ వెతుక్కుంటూ దేవరాజులు కొట్టుకు వచ్చాడు. శివరామ్ దుడ్డు ఇంకా ఇవ్వలేదట. తన ట్రూపులో తను పాడతాననీ, బేస్‌కు అక్క కావాలనీ అడిగాడు.

"పోస్టర్లో నా ఫోటో ఎయ్యొద్దు" అంది రాజలక్ష్మి. "స్పీకర్లో బేస్ తగ్గించొద్దు. నా గిటార్ నేను తప్ప ఎవురూ ముట్టుకోవద్దు."

"సరేనక్కా" అన్నాడు యువరాజ్.

వచ్చే ఆదివారం రిహార్సల్ ఎన్ని గంటలకో అడిగి, ఆమె మళ్ళీ మిరపకాయల గోనెల మధ్య నుంచి మేడ మెట్లెక్కింది.