వంపు దగ్గర

ఇనుప మూత వంపును గేదెను నిమిరినట్టు అరచేత్తో నిమురుతున్నాడు పల్చన పెద్దాయన. బాయిలరు కొసకు బిగించే మూత అది. రెండు రేకులు అతికించి, ప్రెస్సు కింద గిన్నెలా వంచారు. పన్నెండు మిల్లీమీటర్ల రేకు వంపులో సాగి పల్చబడుతుంది. పదికి తగ్గితే పనికిరాదు. ముప్ఫై ఏళ్లుగా ఆయన వెతికేది ఆ పల్చన చోటునే. పేరు అందుకే వచ్చింది. ఒంటితీరుకూ అతికినట్టు సరిపోయింది.

పొద్దున చొక్కా మోచేతికి మాసిక వేస్తూ భార్య గొణిగింది.

"ఎక్కడ వంగితే అక్కడే అరగ్గొడతారు. గుండెల్లో మంటన్నారుగా, ఇవాళ్టికి మానెయ్యకూడదూ?"

"మూత ఇవాళ లారీ ఎక్కాలి. నేను చూడకపోతే ఎవడు చూస్తాడే?"

సూపర్‌వైజరు కాగితం ఊపుకుంటూ వచ్చాడు. "మేం కొలిచేశాం పెద్దాయనా. వంపులో పదకొండుంది. సంతకం పడెయ్యండి."

"ఎక్కడ కొలిచావు?"

"అతుకు మీద."

పెద్దాయన పగలబడి నవ్వాడు. "టోపీతో కలిపి మనిషి ఎత్తు కొలిచావన్నమాట!"

అతుకు మీద వెల్డింగు ఉబ్బి ఉంటుంది, మందం ఎక్కువే చూపిస్తుంది. ఆయన బొటనవేలంత పక్కకు జరిగి, గ్రీజు రాసి, మందం కొలిచే మీటరు ఆనించాడు. 9.4. సుద్దతో సున్నా చుట్టి, మధ్యలో అంకె వేశాడు.

"అర మిల్లీకి ఇంత రాద్ధాంతమా? లారీ గేటు దగ్గరుంది!"

"లోపలి ఆవిరికి నా సంతకం చదవడం రాదు నాయనా. పెట్టను."

"మీరు కాకపోతే ఇంకొకడు పెడతాడు!" సూపర్‌వైజరు విసవిసా వెళ్లిపోయాడు.

పెద్దాయన అన్నం తిని, మూత నీడలో వీపు ఆనించి కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లలో ఆయన మెడలో ఒక్క దండ పడలేదు. నిద్రకు మాత్రం ఏనాడూ కరువు లేదు.

గంట కొట్టినా లేవలేదు. క్రేను నడిపేవాడు "బాబాయ్, బాబాయ్" అంటూ భుజం తట్టాడు. భుజం చల్లగా ఉంది.

ఆయన్ను ఇంటికి తీసుకెళ్లాక, గేటు దగ్గర లారీ హారన్ మోగింది. సూపర్‌వైజరు తడిగుడ్డ పట్టుకుని మూత దగ్గరికి వచ్చాడు. చుట్టూ ఎవరూ లేరు. గుడ్డ ఎత్తాడు. ఏమనుకున్నాడో దించి, మీటరు తీసి, అతుక్కి బొటనవేలంత పక్కన ఆనించాడు.

9.4.

లారీని ఖాళీగా పంపించేశాడు.

మూత మీద తెల్లటి సున్నా అలాగే ఉంది. కింద సుద్దముక్క పడి ఉంది, వేళ్లు నొక్కినచోట అరిగి, పల్చబడి.