ఫైనల్‌కు పోయిన ట్రాక్టర్

సకల జనుల సమ్మెతో బస్సులు డిపోల్లోనే ఆగిపోయాయి. కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం ఆడపిల్లల కబడ్డీ జట్టుకేమో ఆ రోజే జగిత్యాలలో సిరిసిల్ల జట్టుతో ఫైనల్. ఏం చేయాలో తోచక కెప్టెన్ మనీషా పొద్దున్నే మేనమామ దేవేందర్ ఇంటికి వచ్చింది.

దేవేందర్ దోహా నుంచి సెలవు మీద వచ్చాడు. ఫుట్‌బాల్ జట్లు కిరాయికి తీసుకునే విమానాలను లోపల శుభ్రం చేయడం అక్కడ అతని పని.

"గా ఆటగాళ్లకు ఇసొంటి తిప్పలుండయా మామా?"

"ఏడుంటయి బిడ్డా? మనం బస్సు కోసం సూస్తం. వాళ్ల కోసం విమానమే ఆగుతది. కాలు నొచ్చినోడు పండుకునేటట్టు సీట్లు గూడ సాపుతరు."

"నువ్వు గా విమానంల ఎన్నడన్న పోయినవా?"

"తుడుసుడు, దిగుడు. అది లేసేటప్పుడు కింద నిలబడి సూసుడే."

అంటూనే లేచి, పసుపు రైతు భాస్కర్ ఇంటికి వెళ్లి, అతన్నీ ట్రాక్టర్‌నూ వెంటబెట్టుకొచ్చాడు. ట్రాలీలో గడ్డి పరిచి, మీద బొంతలు వేశాడు. జట్టులో మోకాలు వాచిన కళ్యాణి కాళ్లు చాపుకునేందుకు ఒక మూల వదిలాడు. తాను భాస్కర్ పక్కన మడ్‌గార్డు మీద కూర్చోబోతే మనీషా చెయ్యి పట్టి లాగింది.

"గీ విమానంల తుడిసినోళ్లు గూడ కూసుంటరు. ఎక్కు మామా."

దేవేందర్ ఎక్కి, బొంత మీద పిల్లల మధ్య కూర్చున్నాడు.

కోరుట్లలో రాస్తారోకో. బీడీలు చేసే ఆడవాళ్లు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. పోశవ్వ అనే పెద్దామె గరిటెతో ట్రాక్టర్‌కు అడ్డం నిలబడింది.

"బంద్ అంటే బందే. ఎటూ పోయేది లేదు."

"పిల్లలు ఆటకు పోతున్నరవ్వా," అన్నాడు దేవేందర్. "పోకుంటే ఓడిపోయినట్టు రాస్తరు."

"వాళ్లు గూడ గదే అంటున్నరు," అని పోశవ్వ పక్కకు చూపించింది.

రుద్రంగి మీదుగా వచ్చిన బట్టల వ్యాను ఒకటి అక్కడ ఆగి ఉంది. అందులోంచి సిరిసిల్ల జట్టు దిగుతోంది. వాళ్ల కెప్టెన్ కవిత మనీషాను చూసి గతుక్కుమంది.

"మీరు రారు, మేం గెలుస్తమనుకున్నం."

"మేమూ గట్లనే అనుకున్నం," అంది మనీషా. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

ఫైనల్ అక్కడే ఆడదామన్నాడు దేవేందర్. జగిత్యాల నుంచి పోటీల నిర్వాహకుడు ఫోన్లో కాసేపు నసిగి, చివరికి రెఫరీని మోటార్ సైకిల్ మీద పంపాడు. అతను వచ్చేలోగా అందరూ కలిసి రోడ్డు పక్క జాగాలో రాళ్లు ఏరి, నీళ్లు చల్లారు. పోశవ్వ పొయ్యిలోని బూడిదతో గీతలు గీసింది. ఆట మొదలయ్యాక ఎవరు పాయింటు తెచ్చినా జనం "జై తెలంగాణ" అన్నారు. చివరి కూతకు వచ్చిన కవిత మడమను మనీషా దొరకబుచ్చుకుంది. అయినా కవిత పాకుతూ పోయి గీతను అందుకుంది. సిరిసిల్ల ఒక్క పాయింటుతో గెలిచింది.

పోశవ్వ రెండు జట్లనూ ఒకే వరుసలో కూర్చోబెట్టి అన్నం పెట్టింది. మనీషా విస్తరి ముట్టలేదు.

"ఓడినోళ్ల విమానం ఎట్లుంటది మామా?"

"తుడువబోతే తెలుస్తది. తిండి డబ్బాల మూతలు గూడ తియ్యరు. అన్నీ గట్లనే పారేస్తం."

మనీషా కాసేపు విస్తరి వంక చూసింది. వేడి అన్నం, పప్పుచారు, మామిడికాయ తొక్కు.

"గంత పిచ్చోళ్లా వాళ్లు," అని అన్నం కలుపుకుంది.